పాత యంత్రము – ఇంటి పాట
(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము సంగీతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను కొంత వెనుకాడితిని. నేను పాడువాడను కాను, వినువాడను మాత్రమే. పైగా నేను చెప్పదలచినది రాగతాళములను గూర్చి కాదు. ఇంటిలో మూలబడిన పాత కంప్యూటరును సంగీత భాండారముగా మార్చి, దానిచేత ఇల్లంతయు పాడించుటను గూర్చి. ఇంజనీరింగు చదివినవారు ఈ సభలో పలువురున్నారు. బి.ఏ.లో చరిత్ర, తెలుగు సాహిత్యము చదివి, ఇరువది యేండ్లుగా ఫైళ్ళపై నోట్సు వ్రాయుటయే వృత్తిగా గల నేను వారి యెదుట యంత్రములను గూర్చి మాటలాడుట సాహసమే. అయినను, చదివి తెలిసికొన్నవాడు చెప్పినదానికంటె పొరపాటు చేసి నేర్చుకొన్నవాడు చెప్పినది కొన్ని వేళల ఎక్కువగా ఉపయోగపడును. నేను పొరపాటు చేసితిని. దానివలన మా యింట పోయినది తిరిగి రాలేదు. అట్టిది మరియొక యింట జరుగకూడదనియే ఈ ప్రసంగము.

మొదట సంగీత సర్వరనగా నేమో మనవి చేసెదను. సర్వరనగా వడ్డించునది. గ్రామఫోనులోను, క్యాసెట్టు యంత్రములోను పాట ఉండుచోటు, పాట వినబడుచోటు ఒక్కటే. రికార్డు ఏ గదిలో తిరిగిన ఆ గదిలోనే పాట. సంగీత సర్వరు పద్ధతిలో ఈ రెండును వేరగును. పూర్వము మన యిండ్లలో ధాన్యమంతయు గాదెలో నుండినట్లు పాటలన్నియు ఒక కంప్యూటరులో నుండును. పూజగదిలో, వంటింటిలో, పిల్లలు చదువుకొను గదిలో చిన్న చిన్న ప్లేయర్లుండును. ఏ గదివారు ఏది కోరిన అది ఇంటిలోని వైఫై ద్వారా అచ్చటికి పోవును. గాదె ఒక్కటే, వడ్డనలు వేరు. కావలెనన్నచో అన్ని గదులలోను ఒకే పాట ఒకే క్షణమున వినబడునట్లు చేయవచ్చును. బయటి ఇంటర్నెట్టు ఆగిపోయినను ఇంటిలోని పాట ఆగదు.

చేతిలోని ఫోనులో కోరిన పాట క్షణములో వచ్చుచుండగా ఇంత శ్రమ ఎందులకని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. దానికి రెండు సమాధానములున్నవి. మొదటిది: ఫోనులో వచ్చు పాట కంపెనీవారి గాదెలోనిది. నెలనెల రుసుము చెల్లించి వినుటయే మన హక్కు. వారు తొలగించిననాడు అది మనకు లేదు. రెండవది, నా దృష్టిలో ముఖ్యమైనది: మన యింటివారి గొంతులు ఏ కంపెనీ గాదెలోను లేవు.

మా నాన్నగారు తెనాలి దగ్గరి ఒక పల్లెలో జిల్లా పరిషత్తు హైస్కూలులో తెలుగు పండితులు. రేడియో ఆయనకు ప్రాణము. 1948లో వెలసిన విజయవాడ ఆకాశవాణి కేంద్రమునుండి ఉదయమున వచ్చు భక్తిరంజని వినిన తరువాతనే ఆ యింట కాఫీ. మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటి మహావిద్వాంసులు పనిచేసిన కేంద్రమది. టేపురికార్డరు కొన్న తరువాత నాన్నగారు తమకు నచ్చిన పాటలను క్యాసెట్టులోనికి ఎక్కించుకొనుట ప్రారంభించిరి. పాటకు ముందు మైకు దగ్గరగా పెట్టుకొని ఆనాటి తేదీ, తిథి, పాడినవారి పేరు, రాగము తమ గొంతుతో చెప్పెడివారు. రాగము తెలియనిచో "రాగము విచారింపవలెను" అనెడివారు. కొన్ని నెలల తరువాత అదే క్యాసెట్టు చివర "ఫలానా పాట రాగము తెలిసినది" అని చెప్పెడివారు. ఇట్లు ముప్పదినాలుగు క్యాసెట్టులైనవి. ఒక్కొక్కటి తొంబది నిమిషములది. 2011లో నాన్నగారు కాలము చేసిరి. అమ్మగారు ఢిల్లీకి మా యింటికి వచ్చునప్పుడు ట్రంకుపెట్టెలో చీరలు అడుగున, క్యాసెట్టులు పైన సర్దుకొని తెచ్చుకొనిరి.

ఇక కంప్యూటరు సంగతి. 2009లో, మా అమ్మాయి పుట్టిన సంవత్సరమున, నెహ్రూప్లేసులో విడిభాగములు కొని కూర్పించినది. కోర్ 2 డ్యువో ప్రాసెసరు, 2 జి.బి. మెమరీ, 320 జి.బి. హార్డుడిస్కు. 2018లో ఇంటికి లాప్‌టాపు వచ్చినది, పాతది మూలబడినది. దానిని పాతసామానువాని కిచ్చివేయుదమని నా భార్య అనెను. అప్పటికి దానికి తొమ్మిదేండ్లే. ఈనాడు ఇట్టి సమస్య అనేకుల కున్నది. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 అనేకమైన పాత ప్రాసెసర్లను అంగీకరింపదు. పనిచేయుచున్న యంత్రములే పనికిరానివను ముద్ర వేయించుకొనుచున్నవి.

వయసు మీరిన యంత్రము ఈ పనికి చాలునా? లెక్క చూతము. సి.డి. పద్ధతిలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుతురు. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు. ఎడమ, కుడి అని రెండు పాయలు. గుణించినచో సెకనుకు 14,11,200 బిట్లు. ఇది పెద్ద సంఖ్యగా కనబడును. కాని ఆనాటి కంప్యూటర్లలో సామాన్యమైన నెట్‌వర్కు తీగ సెకనుకు పది కోట్ల బిట్లు మోయగలదు. అనగా మన పాటకు కావలసినదానికి డెబ్బది రెట్లు. 2001 నుండి వాడుకలోనున్న ఫ్లాక్ అను పద్ధతిలో ధ్వనిని మడత పెట్టినచో, ఒక్క అణువైనను పోకుండ సుమారు సగము చోటులో ఇముడును. ఎం.పి.3 ఇంకను చిన్నది. కాని చెవి గమనింపదని తోచినదానిని అది తీసివేయును. తీసినది మరల రాదు. దాచుటకు ఫ్లాక్, దారిలో వినుటకు ఎం.పి.3 అని నేను పెట్టుకొన్న నియమము. ముప్పదినాలుగు క్యాసెట్టులును ఫ్లాక్‌లో 20 జి.బి.కి లోపుగానే పట్టెను.

కావున పాటను తీసి పంపుట పాత కంప్యూటరునకు బరువు కాదు. బరువైనది ఒక్కటే: మొదటిసారి పాటలన్నిటి పేర్లను చదివి సూచిక తయారు చేసికొనుట. ఆ పని రాత్రి పడుకొనబోవుముందు ప్రారంభించితిమేని తెల్లవారుసరికి పూర్తి యగును. పదవీ విరమణకు దగ్గరైన పెద్ద గుమాస్తాను పరుగులెత్తించరాదు. కాని రికార్డురూములో కూర్చుండబెట్టినచో ఏ ఫైలు ఎచ్చటనున్నదో ఆయన చెప్పినట్లు మరియొకరు చెప్పలేరు. పాత యంత్రమునకు తగిన ఉద్యోగము ఇట్టిదే.

అయితే ఉద్యోగములోనికి తీసికొనుటకు ముందు వైద్య పరీక్ష అవసరము. పెట్టె విప్పి దుమ్ము దులుపవలెను. ప్రాసెసరుపై ఎండిన పూతను తుడిచి క్రొత్తది పూయవలెను. మదరుబోర్డుపై నిలువుగా నుండు చిన్న డబ్బాల వంటి కెపాసిటర్ల తలలు ఉబ్బియున్నచో ఆ యంత్రమును నమ్మరాదు. నాణెమువలె నుండు 3 వోల్టుల బ్యాటరీని మార్చవలెను. అది చచ్చినచో తీగ పీకినప్పుడెల్ల కంప్యూటరు కాలమును మరచిపోవును. పాత లాప్‌టాపును వాడువారు దాని బ్యాటరీ ఉబ్బియున్నదేమో తప్పక చూచి, ఉబ్బినచో వెంటనే తీసివేయవలెను. అది అగ్నిప్రమాద హేతువు.

తరువాత విండోసును తీసి లినక్సు జాతికి చెందిన డెబియన్ అను వ్యవస్థను ఎక్కించితిని. అది ఉచితము. కిటికీలు, బొమ్మలు లేకుండ ఎక్కించినచో 2 జి.బి. మెమరీలో సుఖముగా నడచును. ఇచ్చట ఒక హెచ్చరిక. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 ఎక్కవలెనన్న 64 బిట్ల ప్రాసెసరు ఉండవలెను. 32 బిట్ల యంత్రములకు స్థాపన సామగ్రిని వారు మానివేసిరి. 2006లో వచ్చిన కోర్ 2 డ్యువోలన్నియు 64 బిట్లవే గనుక మా యంత్రము నెగ్గెను. మీ పెట్టెను తెరచుటకు ముందే ఇది విచారించుకొనుడు.

దానిపై ఎక్కించిన సర్వరు సాఫ్టువేరు కథ వినదగినది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున స్లిమ్ డివైసెస్ అను చిన్న కంపెనీ 2001లో ఇంటి నెట్‌వర్కుపై పాటలు వినిపించు పెట్టెను తెచ్చెను. దానికొరకు వ్రాసిన సాఫ్టువేరును అందరును చదువుటకు, దిద్దుటకు వీలుగా బహిరంగము చేసెను. 2006లో లాజిటెక్ ఆ కంపెనీని కొనెను. స్క్వీజ్‌బాక్స్ అను పేరుతో ఆ పెట్టెలు ప్రసిద్ధికెక్కెను. 2012లో లాజిటెక్ వాటిని నిలిపివేసెను. సామాన్యముగా కథ అక్కడితో ముగియవలెను. కాని సాఫ్టువేరు బహిరంగమైనది గనుక దానిని ప్రేమించినవారు జీతముబత్తెములు లేకయే దానిని బ్రతికించుచు వచ్చిరి. 2024లో అది లిరియాన్ మ్యూజిక్ సర్వరు అను క్రొత్త పేరు ధరించెను. నావిడ్రోమ్, ఎం.పి.డి. అను మరి రెండును మంచివే, తేలికయైనవే. నేను దీనిని ఎన్నుకొనుటకు కారణము మా అమ్మగారు. దీనిలో ప్రతి ప్లేయరునకు గడియారపు అలారము వలె పాటను నిర్ణీత సమయమున మొదలుపెట్టు ఏర్పాటున్నది.

అమ్మగారికి చూపు మందగించినది. ఫోను తెరపై వ్రేలు పెట్టి వెదకుట ఆమెకు సాధ్యము కాదు. పూజగదిలో రాస్ప్‌బెర్రీ పై అను అరచేతి పరిమాణము గల చిన్న కంప్యూటరునకు పాత స్పీకర్లు తగిలించి, స్క్వీజ్‌లైట్ అను చిన్న సాఫ్టువేరు వేసితిని. అది సర్వరుకు ఆ గదిలోని నోరు. ఉదయము అయిదున్నరకు దానంతట అది మ్రోగును. ఆమె ఏ మీటయు నొక్కనక్కరలేదు. మొదటి దినమున నాన్నగారి గొంతు తేదీ, తిథి చెప్పగా ఆమె చేతిలోని వత్తి క్రిందపడెను. తరువాత, "ఆ తిథి సరిగ్గానే చెప్పారురా" అనిరి. అంతకుమించి ఆనాడు ఏమియు మాటలాడలేదు.

క్యాసెట్టులను కంప్యూటరులోనికి ఎక్కించుటకు దగ్గర దారి లేదు. తొంబది నిమిషముల క్యాసెట్టుకు తొంబది నిమిషములే పట్టును. 2018 చలికాలమున ప్రారంభించి ఆదివారమునకు ఒకటి చొప్పున నడిపితిని. క్యాసెట్టు యంత్రపు తలను స్పిరిటులో ముంచిన దూదితో తుడిచి, దాని తీగను కంప్యూటరు వెనుకనున్న నీలిరంగు రంధ్రములో పెట్టి, ఆడాసిటీ అను ఉచిత సాఫ్టువేరుతో ఎక్కించితిని. ధ్వని మట్టము ఎక్కువైనచో పై స్వరములు చితికిపోవును. చితికినది తరువాత బాగుపడదు. కొంచెము తక్కువగా నుంచుటయే క్షేమము. రబ్బరు బెల్టు సాగిన యంత్రములో పాట శ్రుతి తప్పి నెమ్మదిగా వచ్చును. బెల్టు మార్చుటకు వెచ్చించిన సొమ్ము వృథా కాదు.

ఎక్కించుటకంటె కష్టమైనది పేర్లు పెట్టుట. పేరులేని పాట సూచికలేని ఫైలు, ఉన్నను లేనట్లే. ఈ సాఫ్టువేరులన్నియు పాశ్చాత్య పద్ధతి ననుసరించి ఆల్బము, కళాకారుడు, పాట అను గడులతో ఏర్పడినవి. మనకు వాగ్గేయకారుడు కావలెను, పాడినవారు కావలెను, రాగము కావలెను. వాగ్గేయకారునికి కంపోజరు అను గడి సరిపోయెను. రాగమునకు గడి లేదు. సంగీత జాతిని తెలుపు జాన్ర్ అను గడిలో నేను రాగము పేరు వ్రాసితిని. ఇప్పుడు మోహనము అని నొక్కినచో ఇంటిలోని మోహనరాగ కీర్తనలన్నియు వరుసగా వచ్చును. తెలుగులిపిలో వ్రాయుటకు ఫ్లాక్‌లో ఆటంకము లేదు. గడి పేరు మాత్రము ఇంగ్లీషు అక్షరములలో నుండవలెను. పూర్వపు ఎం.పి.3లలో పాట పేరునకు 30 బైట్లే చోటు. యూనికోడు తెలుగులో ఒక్కొక్క గుర్తుకు, ఇప్పటి సామాన్య పద్ధతిలో, మూడు బైట్లు పట్టును. గుణింతపు గుర్తులు, పొల్లులు కూడ లెక్కకు వచ్చును. పది గుర్తులలో కీర్తన పల్లవి ఎట్లు పట్టును?

ఇంకొక చిక్కు మనదే. కల్యాణి అని ఒకచోట, కళ్యాణి అని మరొకచోట వ్రాసితిమేని కంప్యూటరు దృష్టిలో అవి రెండు రాగములు. త్యాగరాజు, త్యాగయ్య, త్యాగరాజస్వామి అని వ్రాసినచో ముగ్గురు వాగ్గేయకారులు వెలయుదురు. ఒక నోటుపుస్తకములో పేర్లను ఒకే తీరున వ్రాసి పెట్టుకొని, దానినుండియే ఎక్కించుట మంచిది. నాన్నగారు రాగము చెప్పని పాటలకు నేనును "విచారింపవలెను" అనియే వ్రాసితిని. ఆ గడిని నొక్కినచో నేటికిని పదునేడు పాటలు వచ్చుచున్నవి. ఈ సభలోని విద్వాంసులు ఒక పూట దయచేసినచో వాటి సంఖ్య తగ్గగలదు.

విద్యుత్తు ఖర్చును దాచరాదు. మా పెట్టె ఊరకయున్నప్పుడు 55 వాట్లు తీసికొనుచున్నట్లు మీటరు పెట్టి చూచితిని. ఇరువదినాలుగు గంటలును నడిపినచో నెలకు సుమారు 40 యూనిట్లు. పాటకై ఇంత ఏలయని నా భార్య అడిగినది న్యాయమే. కంప్యూటరులోని గడియారము నిర్ణీత సమయమున దానిని మేలుకొల్పగలదు. ఉదయము అయిదు మొదలు పది వరకు, సాయంకాలము ఆరు మొదలు పది వరకు మాత్రమే నడుపగా నెలకు 15 యూనిట్లకు లోపుగా వచ్చెను. నాణెపు బ్యాటరీ మార్చుడని నేను ముందు చెప్పుటకు ఇదియు ఒక కారణము. కాలము మరచిన యంత్రము అయిదు గంటలకు లేవదు.

2019 చివరకు ముప్పదినాలుగు క్యాసెట్టులును పూర్తియైనవి. ఇక నా పొరపాటు చెప్పవలసియున్నది.

2020లో మాకు క్వార్టరు మారెను. సామాను సర్దునప్పుడు, పాటలన్నియు కంప్యూటరులో నున్నవి గదా యని, క్యాసెట్టులను పాత పత్రికలతోబాటు పాతసామానువాని కిచ్చివేసితిని. అమ్మగారు "ఉండనీరా, చోటెంత పడతాయి?" అనిరి. నేను వినలేదు. 2022 జూనులో, ఎండలు మండుచున్న ఒక రాత్రి, పెట్టెలోనుండి టక్కు టక్కుమను చప్పుడు వినవచ్చెను. మరునాటి ఉదయము అయిదున్నరకు పూజగది మౌనముగా నుండెను. పదుమూడేండ్ల హార్డుడిస్కు ఆగిపోయినది. బాగుచేయువారికి చూపితిని. లోపలి పళ్ళెముల మీది పూతయే గీచుకొనిపోయినదని వారు పెదవి విరిచిరి.

అంతయు పోయినదా? పోలేదు. విజయవాడలోనున్న మా చెల్లెలు తనకును పాటలు కావలెనని అడిగియుండెను. పని జరుగుచుండగానే మొదటి ఇరువదిమూడు క్యాసెట్టుల పాటలను ఒక పెన్‌డ్రైవులో ఎక్కించి పంపితిని. మిగిలినవి పూర్తియైన పిదప పంపెదనని బద్ధకించితిని. ఆ ఇరువదిమూడు దక్కినవి. పదునొకండు పోయినవి. ఒకరికి ఇచ్చినది మిగిలెను. నాయొద్దనే దాచుకొన్నది పోయెను. పోయినవానిలో నాన్నగారు వేసవి సెలవులలో ఇంటి అరుగుమీద పల్లెపిల్లలచేత పోతన పద్యములు చదివించిన క్యాసెట్టు ఒకటి. అవి ఏ రేడియోలోను వచ్చినవి కావు.

అమ్మగారితో ఎట్లు చెప్పుటయని రెండు దినములు తిరిగితిని. చెప్పినప్పుడు ఆమె నన్ను కోపించలేదు. "నాకేమిరా, ఆయన గొంతు నా చెవిలో ఉంది. నీ కూతురికే లేకుండా పోయింది" అనిరి. ఆ మాటకు నాయొద్ద ప్రత్యుత్తరము లేదు, నేటికిని లేదు.

మన కార్యాలయములలో రికార్డులను మూడు తరగతులుగా విభజించుట మీకందరికిని తెలిసినదే. శాశ్వతముగా నుంచి, మైక్రోఫిల్ము వంటి నకలుకూడ తీయవలసినవి 'ఏ' తరగతి. ఉంచవలసినవే గాని నకలు అక్కరలేనివి 'బి'. కొన్నియేండ్లుంచి తీసివేయదగినవి 'సి'. ఇరువదియేండ్లుగా పరుల కాగితములకు ఈ తరగతులు నిర్ణయించుచున్న నేను, మా తండ్రిగారి గొంతును 'సి' తరగతి కాగితమువలె పారవేసితిని. బజారులో మరల దొరకు సినిమా పాట 'సి' తరగతి, పోయినను కొనవచ్చును. ఇంటివారి గొంతు 'ఏ' తరగతి. దానికి నకలు లేనిదే మూలమును ముట్టరాదు. నకలు వచ్చిన తరువాత కూడ మూలమును పారవేయరాదు.

ఇప్పుడు మా యింట అనుసరించుచున్న పద్ధతి యిది. ప్రతి పాటకు మూడు ప్రతులు. ఒకటి సర్వరులో, రెండవది వేరొక డిస్కులో, పాట ఎక్కించునప్పుడు తప్ప తీగ తగిలించకుండ బీరువాలో, మూడవది విజయవాడలో చెల్లెలి యింట. అగ్ని, దొంగతనము, వరద ఒకే దినమున రెండు ఊళ్ళను ముంచవని ధైర్యము. ఒకే పెట్టెలో రెండు డిస్కులు పెట్టుకొని రెండు ప్రతులున్నవని భ్రమపడరాదు. పెట్టె పోయినచో రెండును పోవును. మాసమున కొకసారి డిస్కు ఆరోగ్యమును తెలుపు స్మార్ట్ అను నివేదికను చూచుచున్నాను. చెడిపోయి పక్కన పెట్టిన భాగముల సంఖ్య పెరుగుచున్నచో అది చప్పుడు చేయువరకు ఆగరాదు. ఫ్లాక్ ఫైలులో పాటతోబాటు దాని ముద్రయు నిక్షిప్తమై యుండును. ఆరు నెలలకొకసారి పరీక్షించినచో ఏ ఫైలైన చెడినదా లేదా యని అదియే చెప్పును. ఉన్నదనుకొన్న నకలు తెరువబడుచున్నదో లేదో చూచుకొననివాడు నకలు లేనివానితో సమానము.

మరి రెండు జాగ్రత్తలు. సర్వరును ఇంటిలోపలనే ఉంచుడు. ఊరినుండి కూడ వినవలెనను సరదాతో రౌటరు తలుపును బయటి ప్రపంచమునకు తెరువకుడు. ఇక, రేడియోనుండి ఎక్కించుకొన్నవి, కొన్నవి మన యింట మనము వినుట వేరు. పదిమందికి పంచిపెట్టుట వేరు. 1957 నాటి మన కాపీరైటు చట్టము ప్రకారము ధ్వనిముద్రణకు హక్కు ప్రచురణ తరువాత అరువది యేండ్లు నిలుచును. ప్రభుత్వోద్యోగులమైన మనము దీనిని మరువరాదు.

హార్డుడిస్కు పోయిన తరువాత, "ఇకనైనా ఆ పెట్టెను పంపించండి" అని నా భార్య అనెను. నేను ఆలోచించితిని. తప్పు యంత్రమునది కాదు. అది వయసుకు మించి పనిచేసినది. పాడుటకు దానిని నియమించి, కాపాడు భారమును కూడ దానిపైననే వేసినది నేను. తిరిగెడి పళ్ళెములులేని ఎస్.ఎస్.డి. ఒకటి కొని పాత డిస్కు స్థానమున పెట్టితిని. చెల్లెలు పాటలను తిరిగి పంపెను. అదే పెట్టె నేటికిని పాడుచున్నది. అది ఎప్పుడు ఆగినను మాకు దిగులు లేదు. ఆనాడు దానిని నియమముల ప్రకారము ఈ-వ్యర్థములు తీసికొను అధీకృత సంస్థకు అప్పగించి, మరియొకరి యింట మూలబడిన పెట్టెను తెచ్చుకొందుము.

మా అమ్మాయికి ఇప్పుడు పదునారేండ్లు దాటినవి. తాతగారి గొంతు ఆమెకు జ్ఞాపకము లేదు. కాని పోయిన వేసవిలో అమ్మగారిని కూర్చుండబెట్టి, తన ఫోనులో ఆమెచేత మంగళహారతులు, జోలపాటలు పాడించి ఎక్కించుకొనెను. ప్రతి పాటకు ముందు తేదీ, తిథి తానే చెప్పెను. తిథి ఎందుకమ్మా అని అడిగితిని. "తాతయ్య అలాగే చెప్పేవారుగా" అనెను. ఆ సాయంకాలమే మూడు ప్రతులును తీసితిమి, బద్ధకించలేదు.

సోదరీ సోదరులారా! స్వగ్రామములకు వేయి మైళ్ళ దూరమున, మూడేండ్లకొక క్వార్టరు మారుచు బ్రతుకువారము మనము. బదిలీ జరిగినప్పుడెల్ల ఏదో ఒకటి పారవేసి పోవుట మనకు అలవాటు. మీ యింట క్యాసెట్టులున్నచో దయయుంచి పారవేయకుడు. బెల్టు మార్చి బాగుచేయించిన క్యాసెట్టు యంత్రము నాయొద్ద నున్నది. ఆదివారములు నాకు తీరికయే. క్యాసెట్టుతో వచ్చినవారు తొంబది నిమిషములు మా యింట కూర్చుండవలసి వచ్చును. ఆ లోపల కాఫీ మా అమ్మగారి బాధ్యత. ఈ రాత్రి ఇంటికి పోయిన తరువాత ట్రంకుపెట్టె ఒకసారి తెరచి చూడుడు.